మొలతాడులో రోము రాజు

ఆ రోజుల్లో, అంటే హోసూరులో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా తెరిచిన కాలంలో, నాకు జీతం తక్కువ, కోపం ఎక్కువ. ఫ్యాక్టరీలో పని, మేనత్త ఇంట్లో మకాం, పాత నాణేల పిచ్చి. ఆ పిచ్చితోనే విదేశంలో నాణేలు సేకరించే ఒకాయనతో మాట కలిపాను. మన పాత సత్తు పైసలు గుప్పెడు పంపితే, రెండు వేల ఏళ్లనాటి రోము రాగి కాసు పంపిస్తానన్నాడు. (తెల్లవాడు ఎంత అమాయకుడో అని ముసిముసిగా నవ్వుకున్నాను.) కాసు పోస్టులో వచ్చింది. మీద పచ్చటి చిలుము, దాని కింద కోటేరు ముక్కు రాజు. ఆదివారం బెంగళూరులో నాణేలు సేకరించేవాళ్ల ముందు పెట్టాలి. అంతకుముందు వెళ్లినప్పుడు నన్ను కూర్చోమని కూడా అనని పెద్దమనుషులు వాళ్లు. ఈసారి వాళ్లే లేచి నిలబడాలి!

శనివారం షిఫ్టు ముగించి వచ్చేసరికి డబ్బాలో దాచిన కాసు లేదు. అత్త మనవడు నడవలో పాకుతున్నాడు. వాడి మొలతాడుకు మా రోము రాజు వేలాడుతున్నాడు, నెత్తిన బొక్కతో! చింతపండు పెట్టి తోమారేమో, చిలుము జాడే లేదు. నా ఒళ్లు మండిపోయింది.

"అత్తా! దీనికి బొక్క ఎవరు పెట్టినారు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"నేనే పెట్టించినాను. బిడ్డకు దిష్టి తగిలి పాలు తాగల్యా. రాగి కాసు కట్టల్ల గదప్పా!"

"ఆ చిలుముకే దాని విలువంతా! నా కొంప ముంచినావు గదా!"

"చిలుము పట్టిందాన్ని బిడ్డకెట్ల కడతారు?" అంటూ అత్త కాసును వెలుతురుకు తిప్పి చూసి, నాకంటే గట్టిగా కేకేసింది. "ఏందిది? బొక్కలో తెల్లగా ఉండాది! పైన రాగి పూత, లోపలంతా సత్తు! దీనికి దిష్టి యాడ పోతాది?"

లాక్కుని చూశాను. నిజమే.

"నువ్వేం పంపినావప్పా వానికి?"

"సత్తు పైసలు."

"సత్తు ఇచ్చినావు, సత్తు తెచ్చుకున్నావు. ఇంక ఈ అరుపులెందుకు?"

అన్నం ముట్టకుండా వీధిలోకి పోయాను. అత్త మీద, ఆ తెల్లవాడి మీద, ఆఖరికి ఆ పసివాడి మీద కూడా కోపమే. తిరిగొచ్చేసరికి అత్త పక్కింట్లో అడిగి తెచ్చిన చిల్లుకాణీ వాడికి కట్టేసింది. వాడు పాలు తాగి నిద్రపోతున్నాడు. ఆదివారం నేను బెంగళూరు పోలేదు.

ఇప్పుడు ఆ పెద్దమనుషుల మధ్య నాకూ ఒక కుర్చీ ఉంది. కోపం మాత్రం పూర్తిగా చావలేదు. బొక్క పడకపోయుంటే, ఆ సత్తు బిళ్ల పట్టుకుని వాళ్ల ముందు రొమ్ము విరుచుకుని నిలబడి ఉండేవాడే, అప్పటి నాలోని ఆ కుర్రాడిని తలచుకుంటే ఇప్పటికీ ఒక్కటి పీకాలనిపిస్తుంది. పాపం, వాడి పరువు కాపాడింది మొలతాడే.