కాలువ అవతలి బడి, నా బోర్డుల చదువు

మొన్న నా చదువే నా మనుమరాలి సీటుకు ఎసరు పెట్టింది, ఇనుండ్రి!

కరీంనగర్ల మా ఇల్లు పెద్ద కాలువకు ఇవతల. మనుమరాలు అక్షిత ఆరో తరగతికి వచ్చింది. అవతలి సర్కారు బడిల కబడ్డీ మంచిగ నేర్పుతరని, గక్కడనే చేరాలని దాని పానమంత. కానీ ముందుగాల గా వాడ పిల్లలకే సీట్లట! సదువుకు గూడ హద్దురాళ్లు పాతుతరా? కాలువల నీళ్లేమో ఏ వాడని అడగకుంటనే పారుతయి.

కోడలు స్వరూప ఉపాయం చెప్పింది. "అత్తమ్మా, బడి ఎనుక గల్లీల మా అక్క ఉంటది గద. అడిగితే మనం గూడ గక్కడనే ఉంటమని చెప్పు. ఎక్కువ మాట్లాడకు."

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడిన?" అన్న. అక్షిత కిసుక్కున నవ్వింది.

ముగ్గురం ఆటోల పోయినం. హెడ్‌మేడం మంచిది, నాకు కుర్చీ ఏపించింది.

"ఎక్కడుంటరు అవ్వా?"

"బడి ఎనుక గల్లీల, బిడ్డా!"

ఒక్క ముక్క తప్పు పోలే. కోడలు కండ్లతోనే శెబాష్ అన్నది.

గంతటితోని ఊకుంటే అయిపోవు! నేను గోడ మీది అక్షరాలు కూడబలుక్కుంటుంటే చూసి మేడం, "చదువొస్తదా అవ్వా?" అన్నది. ఇగ ఆగుతనా!

"ఎందుకు రాదు? ముసలితనంల నేర్చుకున్న. గీ పిల్లనే నా పంతులమ్మ. ఇయ్యాల ఇంటికాడికెళ్లి బడిదాక ఒక్క బోర్డు ఇడిసిపెట్టలే! మా ఇంటి ముంగట 'పంక్చర్లు వేయబడును'. మూల మీద 'వేడి వేడి మిర్చి బజ్జీలు'. కాలువ కాడ 'ఈత కొట్టరాదు'..."

కోడలు నా కాలు తొక్కింది.

"జర కాలు తియ్యి స్వరూపా, నొప్పి లేస్తుంది!"

మేడం నవ్వాపుకుంట అడిగింది. "బడి ఎనుకకెళ్లి బడికి రానీకి కాలువెట్ల దాటిండ్రు అవ్వా?"

"ఆటోల, బ్రిడ్జి మీదికెళ్లి!" అన్న, మహా గర్వంగ.

అప్పుడు సమజయింది. అక్షిత మొకం చిన్నగ చేసుకున్నది. మేడం చేతులు పట్టుకున్న. "తప్పు మాది బిడ్డా, పిల్లకు సీటు లేదనకు."

మేడం పకపక నవ్వింది. "ఈ వాడ పిల్లలకు ఇచ్చినంక ఇంకా సీట్లు మిగిలినయి అవ్వా. ఎవరైనా చేరొచ్చు. గేటు మీద ఇంత పెద్ద బోర్డు పెట్టినం, చూడలేదా?"

ఎట్ల చూస్త? గేటు కాడ నేను కండ్లు మూసుకొని "బడి ఎనుక గల్లీ, బడి ఎనుక గల్లీ" అని బట్టీ కొడుతుంటి. కోడలు నాకు పాఠం అప్పజెప్పించుకుంట నా మొకమే చూడవట్టె! దారెంట ఉన్న బోర్డులన్నీ చదివి, చదవాల్సిన ఒక్కటే ఇడిసిపెట్టిన.

సీటు దొరికింది. అక్షిత బడి ముంగటనే కబడ్డీ కూత పెట్టింది. ఆటో ఎక్కంగనే కోడలు దండం పెట్టింది. "అత్తమ్మా, ఇల్లు చేరేదాక ఒక్క బోర్డు గూడ చదవకు!"

సరేనని నోరు మూసుకొనే కూసున్న. బ్రిడ్జి మీదికి రాంగనే పెదవులు వాటంతటవే కదిలినయి.

"ఈత... కొట్ట... రాదు."