ఇంజనుతో పాటు మనిషి

మా అన్నయ్యను వీధిలో అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆయన ‘దడదడ’. నీళ్లు తోడే డీజిల్ ఇంజను ఒకటి ఉండేది ఆయనకు. ఎవరి సెల్లారు మునిగినా, ఎవరి బావి పూడిక తీయాలన్నా అది వెళ్లాల్సిందే. జీవితమంతా ఆ చప్పుడు పక్కన కూర్చుని చెవులు సగం పోయాయి. అందుకని ఆయన రహస్యం చెబితే వీధి చివరి కొట్టువాడు కూడా జవాబిచ్చేవాడు. వదిన మాత్రం ఆయనతో మెల్లగానే మాట్లాడేది. నేను గొంతు చించుకుని చెప్పినా "ఆఁ?" అనే మనిషి, ఆవిడ పెదవి కదిపితే చాలు పట్టేసేవాడు. చూసి నాకు ఒళ్లు మండేది.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. ఇంజనును ఒంటరిగా ఎవరూ కిరాయికి ఇవ్వరు. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే పాతకాలపు ఇంజను. అలవాటు లేనివాడు తిప్పితే హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరగ్గొడుతుంది. కాబట్టి ఇంజను ఎక్కడుంటే దాని మనిషీ అక్కడే. తిండి అక్కడే, పడక దాని పక్కనే. "ఇంజను కావాలి" అని కబురొస్తే అన్నయ్య చొక్కా తొడుక్కునేవాడు. "నువ్వు రా" అని వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏడు నది ఊళ్లోకి వచ్చేసింది. అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పడవలు, లారీలు, ఇంజన్లు, ఏది అవసరమైతే అది ప్రభుత్వం తీసుకోవచ్చట. ఒక అధికారి జీపులో మా ఇంటికొచ్చి, ఉత్తర్వు చదివి, "నీ ఇంజను మేం స్వాధీనం చేసుకుంటున్నాం" అన్నాడు. అన్నయ్య చొక్కా తొడుక్కున్నాడు. ఆ అధికారి ఒక్క క్షణం తెల్లబోయి చూశాడు. తర్వాత మారుమాట లేకుండా జీపులో చోటు చూపించాడు.

ముందు ఆస్పత్రి తోడాడు, తర్వాత బడులు, ఆ తర్వాత వీధులు. న్యాయమైన పనే, కాదనను. కానీ వరద తీసింది. మేం తడిసిన పరుపులు ఎండేసుకుని మళ్లీ మంచాల మీద పరుచుకున్నాం. అయినా ఇంజనూ రాలేదు, మనిషీ రాలేదు. ఎక్కడున్నాడయ్యా అని ఆరా తీస్తే, పెద్దాఫీసు కింద కార్లు పెట్టుకునే సెల్లారు తోడుతున్నాడట. అది నేల ఊట, తోడేకొద్దీ ఊరుతుంది. సార్ల కార్లు తడవకూడదుగా మరి!

ఇక్కడ వదిన మంచం పట్టింది. వరద నీళ్లలో నిలబడి ఇంటి సామానంతా తనే మోసినప్పుడు పట్టుకున్న జ్వరం, తగ్గినట్టే తగ్గి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "రావాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే పిలిపించండమ్మా" అంది. ఎవరున్నారు? పిల్లా జెల్లా లేరు. ఉన్నది ఆయనొక్కడే.

పరుగున వెళ్లి అన్నయ్య చెవిలో అరిచి చెప్పాను. ఇంజను ఆపేసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, ఆ రోజు జీపులో వచ్చిన అధికారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, మా ఆవిడకు అసలు బాగాలేదు. ఒక్కసారి కళ్లారా చూసి వచ్చేస్తాను."

"ఎమర్జెన్సీ అంటే ఆటలనుకున్నావా? గేటు దాటావంటే జైలే."

"ఊళ్లో నీళ్లెక్కడున్నాయండీ? ఎమర్జెన్సీ ఎవరికి, మీ కార్లకా?" అని నేను మీదికి వెళ్లాను.

"ఎక్కువ మాట్లాడితే నిన్నూ లోపలేయిస్తాను."

అన్నయ్య నా చేయి పట్టుకుని ఇవతలికి లాగాడు. "జైల్లో పడితే అసలుకే రాలేను కదే. నువ్వెళ్లి దాని దగ్గరుండు. కాస్త ఓర్చుకోమను, ఎలాగోలా బతిమాలుకుని వస్తాను" అన్నాడు. మళ్లీ వెళ్లి హ్యాండిల్ తిప్పాడు. జన్మలో ఎవరితోనూ తగాదా పెట్టుకోని మనిషి, ఆ రోజు మాత్రం ఎక్కడ పెట్టుకుంటాడు?

మర్నాడు మధ్యాహ్నం వదిన పోయింది. ఆఖరిదాకా తలుపు వైపే చూసింది. పోయిందని కబురు పెడితే అదే అధికారి అన్నయ్యను జీపెక్కించి పంపాడు. ఎంత దయో!

ఇంజను మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. పడవలవాళ్లు, లారీలవాళ్లు కలిసి కోర్టుకెక్కుతుంటే అన్నయ్యనూ రెక్క పట్టుకుని లాక్కెళ్లాను. "ఇప్పుడెందుకే ఇదంతా" అన్నాడు. "నోరు మూసుకుని సంతకం పెట్టు" అన్నాను.

తీర్పు రోజున జడ్జి గారు అధికారులను ఉతికి ఆరేశారు. వరద తీసిన రోజే ఆ ఉత్తర్వుకు కాలం చెల్లిందన్నారు. తీసుకున్నవన్నీ ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేయమన్నారు. అన్నయ్య సంగతి విడిగా చెప్పారు. ఉత్తర్వులో ఉన్నది ఇంజను ఒక్కటే, మనిషి ఊసే లేదట. ఎంత ఆపద అయినా, ఇష్టం లేని మనిషిని నిలబెట్టి పని చేయించే అధికారం ఆ అధికారికి ఏ చట్టమూ ఇవ్వలేదట.

వరండాలోకి రాగానే మా లాయరు అన్నయ్య చేతులు పట్టుకుని ఊపేశాడు. "గెలిచాం పెద్దాయనా!"

అన్నయ్యకు లోపల సగమే వినబడింది. జడ్జి గారు అన్నదంతా నేను మళ్లీ చెప్పాను. విని లాయరును అడిగాడు.

"అంటే ఆ రోజు నేను గేటు దాటి వచ్చేసినా ఎవరూ ఏమీ చేయలేకపోయేవారా?"

"ఏం చేస్తారండీ? అసలు మొదటి రోజే ఇంజను అప్పజెప్పేసి మీరు ఇంట్లో ఉండాల్సింది" అన్నాడు లాయరు, ఇంకా నవ్వుతూనే. గెలిచిన సంతోషంలో ఏం మాట్లాడుతున్నాడో చూసుకోలేదు.

అన్నయ్య నా వైపు తిరిగాడు. వదిన ఆఖరి ఘడియల గురించి అప్పటిదాకా ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు.

"మీ వదిన నేనెక్కడని అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

"నువ్వు బతిమాలావని చెప్పాను. రావాలని ఉన్నా వాళ్లు నిన్ను వదలడం లేదన్నాను."

"నమ్మిందా?"

"నమ్మింది అన్నయ్యా."

"పోనీలే. నమ్మే పోయింది" అని అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పడవలవాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. ఏమని ఓదార్చను?