పావుకిలో వేపపువ్వు

మంగాయమ్మ చేతి వేపపువ్వు చారంటే అమలాపురం చుట్టుపక్కల శుభకార్యాల్లో పెద్ద పేరు. వందమందికి ఇత్తడి సోలతో సోలెడు ఎండుపువ్వు కొలిచి, నేతిలో వేయించి వేస్తుంది. అంతకు మించి లెక్కలు ఆవిడకి గిట్టవు. ఆవిడని పనిలో పెట్టుకున్న కేటరింగు గంగాధర్‌కేమో లెక్క లేనిదే ముద్ద దిగదు. హోటలు చదువు చదివొచ్చాడు మరి, చారు కాచడం తప్ప అన్నీ వచ్చు.

ఓ రోజు ఆ సోల అడిగి తీసుకుని, దాన్నిండా బియ్యం పోసి, కాటా మీద పెట్టి, పావుకిలో అని రాసుకున్నాడు. అదే తూకం వేపపువ్వుకీ రాసేసి, ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి వంటశాల గోడకి అంటించాడు.

"ఇకనుంచి ఎవరు కాచినా మీ చారేనండీ, పిన్నిగారూ. మామిడికుదురు గృహప్రవేశంలో మన వంటకుర్రాడు శ్రీరాములు కాస్తాడు. మీరు కూర్చుని చూడండి చాలు."

ఇవాళ కూర్చుని చూడమన్నవాడు రేపు ఇంట్లో కూర్చోమనడూ? ముప్పయ్యేళ్ళ గరిటె చేజారిపోతోందనిపించింది ఆవిడకి. పైకి మాత్రం "ఆయ్, అలాగే బాబూ" అంది.

గృహప్రవేశం నాడు శ్రీరాములు వందమందికని పావుకిలో పువ్వు తూచి తెచ్చాడు. సంచి దిండంత ఉంది. సోలతో కొలిస్తే ఎనిమిదికి తక్కువ రాదు. బియ్యమూ ఎండుపువ్వూ ఒకే బరువనుకున్న మేధావికి దండం పెట్టాలి!

"మరీ ఎక్కువేమోనండీ, పిన్నిగారూ?" నసిగాడు శ్రీరాములు.

"కాగితం మీద ఎంతుందో అంతా వెయ్యి నాయనా. చదువుకున్నవాళ్ళు రాసేరు."

ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. నలుగురిలో గంగాధర్ తల దించుకుంటే కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

మొదటి బంతిలోనే చారు పోసుకున్నవాళ్ళ మొహాలు ముడుచుకుపోయాయి. ఒక పెద్దాయన సగం భోజనంలో విస్తరి ముందునుంచి లేచిపోయాడు. మంగాయమ్మ గుమ్మంలో నిలబడి, గంగాధర్‌ని ఎప్పుడు కడిగేస్తారా అని చూస్తోంది. ఎవరూ అతనివైపు తిరగలేదు. ఆ ఇంటావిడ వెంకటరమణమ్మ తిన్నగా ఈవిడ దగ్గరికే వచ్చింది. కోప్పడలేదు, జాలిగా చెయ్యి పట్టుకుంది.

"మీ చారు కోసమే వీళ్ళని మాట్లాడుకున్నామండీ, మంగాయమ్మగారూ. పెద్దవారయ్యేరు, చెయ్యి తప్పుతున్నట్టుంది. ఇక ఈ పొయ్యిల దగ్గర అవస్థ పడకండి."

మంగాయమ్మ నోరు తెరిచింది. తెలిసే వేయనిచ్చానని ఏ మొహంతో చెబుతుంది? మూసుకుంది.