రేపటి పేజీలో సంతకం

నేను రాసిన ఆ కథకు ఖమ్మంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుతుంది. సిగ్గులేకుండా తలవంచి కప్పించుకున్నాను కదా, ఆ మంటంతా నా మీదే.

భద్రాచలం వైపు, అడవి అంచున ఉన్న పైనుంచి తవ్వే ఒక బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనిలో నేను మైనింగ్ ఇంజనీరును. బ్లాస్టింగ్ నా బాధ్యత. రాతిలో వరసగా హోల్స్ వేసి, పేలుడు మందు కూరి పేలుస్తాం. పేల్చాక పొగ పోయేదాకా ఆగి, మందు పేల్చే షాట్‌ఫైరర్ నడిచి వెళ్ళి ప్రతి హోలూ చూడాలి. పేలకుండా మిగిలినదాన్ని మిస్‌ఫైర్ అంటారు. దాని మీద రాయి తవ్వే షావెల్ బకెట్ పడిందా, ఇక చెప్పేదేముంది! చూసొచ్చాక రిజిస్టర్లో ఎన్ని మిగిలాయో రాయాలి, ఏమీ లేకపోతే ‘నిల్’ అని పెట్టాలి. కింద ఆయన సంతకం, దాని కింద నాది.

మా దగ్గర ఆ ‘నిల్’ ముందే రాసేసేవాళ్ళు, ఇంకా మందు బండి కూడా రాకముందే. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, నేను చేరేనాటికే అది అలవాటు. పేల్చీ పేల్చకముందే నా ఫోన్ మోగేది. షావెల్ ఖాళీగ ఉన్నదేంది, డంపర్లు లైన్ కట్టినయ్, ఏం చేస్తున్నవయ్యా అని మేనేజరు. ఆ తిట్లన్నీ తెచ్చి నేను షాట్‌ఫైరర్ మీద దించేవాణ్ణి. “జల్దీ కానీ అన్నా, పైపైన చూసి వచ్చెయ్.” ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి. ఒక్కోసారి “పొగ పోలే సార్, జర ఆగుండ్రి” అనేవాడు. నేను ఆగనిచ్చేవాణ్ణి కాదు.

ఒకరోజు షావెల్ బకెట్ పైకి లేచేసరికి దాని పళ్ళకు పేలని మందు తీగ వేలాడుతూ కనబడింది. ఆపరేటర్ కేక పెట్టి, మిషన్ ఆపి దూకేశాడు. అందరినీ దూరం పంపి, మిగిలిన మందును జాగ్రత్తగా తీయించాం. ఎవరికీ ఏమీ కాలేదు. రిజిస్టర్లో ‘నిల్’ మాత్రం అలాగే ఉండిపోయింది.

దాని మీద కథ రాశాను. బాగా రాశాను, అదే నా ఖర్మ. అందులో, షిఫ్ట్ బస్సు పోతుందని తొందరపడి, చూడకుండానే ‘నిల్’ రాసే షాట్‌ఫైరర్. బకెట్ కింద పేలిన హోల్. ప్రాణం పోయిన ఆపరేటర్. పేరు పెట్టలేదు కాబట్టి నా తప్పేమీ లేదనుకున్నాను. ఆయన విరిగిన పన్ను, చెవి వెనక దోపుకునే పెన్ను, పని చేస్తూ పాడే చర్చి పాట, అన్నీ పెట్టాను. ఆదివారం పేపర్లో అచ్చయిన రోజే గనిలో అందరూ గుర్తుపట్టారు.

నాలుగో రోజు పెద్దసార్లు రిజిస్టర్ తెప్పించారు. మరుసటి రోజు పేజీలో కూడా ‘నిల్’ సిద్ధంగా ఉంది. షాట్‌ఫైరర్‌కు చార్జిషీట్ ఇచ్చి సస్పెండ్ చేశారు. ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది. ఆ రేపటి పేజీలోనే, ఆయన సంతకం కింద నాదీ ఉంది. దాని గురించి ఒక్కరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సాయంత్రం ఆయన పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఇది నేనే కద సార్?”

“కథ అన్నా. అందరివీ కలిపి రాసిన.”

“అవ్, కలిపినవ్. నా పన్ను కలిపినవ్, నా పాట కలిపినవ్. ఇందుల నువ్వేడున్నవ్ సార్? జల్దీ జల్దీ అని నా నెత్తి మీద కూసున్నోడు ఏడి? బస్సు కోసం నేను ఒక్కనాడన్న ఉరికిన్నా?”

ఎప్పుడూ మీరు అనే మనిషి ఆ రోజు నువ్వన్నాడు. దానికి నాకు కోపం వచ్చింది, చూడండి ఎంత సిగ్గుమాలినతనమో! “సాహిత్యం నీకు అర్థం కాదులే” అనేశాను. ఆయన పేపరు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాటకు నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు.

ఎంక్వైరీకి ముందు మేనేజరు పిలిచాడు. “గమ్మునుండు. వాడే సొంతంగ రాసిండు, నీకేం తెల్వదు. ప్రమోషన్ లిస్టుల నీ పేరున్నది.” పైగా నా కథలంటే తనకు చాలా గౌరవమట!

ఎంక్వైరీ గదిలో షాట్‌ఫైరర్ నా ఎదురుగానే కూర్చున్నాడు. ముందే రాయడం మీకు తెలుసా అని ఎంక్వైరీ ఆఫీసరు అడిగాడు.

“తెలుసు. రేపటి పేజీల నేనూ సంతకం పెట్టిన. ఆయనను రోజూ తరిమింది నేను. నన్ను తరిమింది మేనేజరు.”

టైపు చేస్తున్న క్లర్కు చేతులు ఆగిపోయాయి. “ఇది రికార్డుల వద్దు” అన్నాడు ఆఫీసరు. “మీరు రైటర్ కద, ఊరికే ఆవేశపడుతున్నరు.” అబ్బ, ఎంత తేలిగ్గా అనేశాడు! తెల్లకాగితం లాక్కుని, జరిగిందంతా నా చేత్తో రాసి, సంతకం చేసి, ఫైల్లో పెట్టేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

సస్పెన్షన్ ఎత్తేశారు. నా ప్రమోషన్ పోయింది. మేనేజరు మీద ఈగ కూడా వాలలేదు.

షాట్‌ఫైరర్ మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు దగ్గరికి వెళ్ళాను. దండం పెడతాడనుకున్నాను, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

“రాసిచ్చిండ్రంట కద సార్, మంచిదే” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. “మా చర్చిల అందరు ఆ పేపరు చదివిండ్రు. నేను పోయి కూసుంటే పక్కకు జరుగుతున్నరు, మనిషిని సంపినోడి లెక్క. మీ ఫైలు ఎవరు చదువుతరు సార్?”

జరిగింది జరిగినట్టు రాసి అదే పేపరుకు పంపాను. ఇందులో కథ లేదు, ఎవరూ చావలేదు కదా అని తిప్పి పంపారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఏనాడూ తొందరపడలేదు. తొందరపెట్టింది నేను.