డ్రైవరమ్మ కొన్న పిల్లల బండి

సిటీ బస్సు నడిపే మనిషికి పిల్లల బండి కొనడం ఏపాటి పని? డ్రైవరమ్మ ఇంట్లోవాళ్ళూ అలాగే అనుకున్నారు. అంత పొడుగు బస్సును ఇరుకు సందుల్లో అవలీలగా తిప్పే మనిషి, బెత్తెడు చక్రాల బండి దగ్గరకొచ్చేసరికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఒకే దుకాణానికి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ వట్టిచేతులతో తిరిగొచ్చింది.

సోమవారం ఆమె డ్యూటీలో చేరాలి. చంటివాడి కోసం తీసుకున్న సెలవు అయిపోయింది. భర్త బేకరీలో పని చేస్తాడు, తెల్లవారకముందే బట్టీ ముందు నిలబడాలి. ఇన్నాళ్ళూ పెద్దపిల్లను సాకిన అత్తగారికి మోకాళ్ళు మొరాయించాయి. కాబట్టి పిల్లలిద్దర్నీ డిపో వెనక ఉన్న క్రెష్‌లో దింపి పనిలోకి దిగాల్సింది ఆమే. ఆ దారిలో నాలుగు రోడ్ల కూడలి ఒకటుంది. భయమంతా అక్కడే.

పోయిన నెల, చంటివాడు భుజం మీద ఉండగా, పెద్దది అదే కూడలిలో చెయ్యి విదిలించుకుని రోడ్డు మీదికి ఉరికింది. నాలుగో ఏట పడ్డ ఆ పిల్లను ఇంట్లో పిడుగు అని పిలుస్తారు, ఊరికే పిలవరు. ఎదురుగా వస్తున్న బస్సు కీచుమని ఆగింది. పిల్లకీ బంపరుకీ మధ్య జానెడు జాగా మిగిలిందో లేదో! ఏమీ కాలేదు. పిల్ల నవ్వుతూనే ఉంది. డ్రైవరమ్మ మాత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి మంచం మీద కూలబడింది. ఆ రోజు నుంచీ కళ్ళు మూసుకుంటే చాలు, ఆ బంపరే.

"మేం ఒకణ్ణి చంకనేసుకుని, ఒకణ్ణి వేలికి తగిలించుకుని తిరిగాం. మాకే బండ్లూ లేవు," అంది అత్తగారు.

"మీ రోజుల్లో ఇన్ని బస్సులు లేవత్తయ్యా."

"ఇంత భయమూ లేదమ్మాయ్."

శనివారం అందర్నీ వెంటేసుకుని మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. రెండు సీట్లు పక్కపక్కన ఉన్న బండి తమ లిఫ్టులో పట్టదు. ఒకదాని వెనక ఒకటి ఉన్నది మలుపు దగ్గర బండబరువు. డ్రైవరమ్మ వంగి చక్రాలు చూసింది, బ్రేకు తొక్కింది, ఎక్కడో కిర్రుమంటే చెవి ఆనించి వింది. దుకాణం అమ్మాయికి ఓపిక మెండే కానీ, అదీ అడుగంటుతోంది.

"మేడం, ఇది పిల్లల బండి. దీనికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అక్కర్లేదండీ."

"మీకు అక్కర్లేదు. నాకు కావాలి."

అసలు పరీక్ష బెల్టుది. పిడుగును కూర్చోబెట్టి బెల్టు బిగించగానే పిల్ల క్లిప్పు నొక్కి, బుసుక్కున జారి, కిందికి దిగి నవ్వింది. ఇంకో బండి. అక్కడా అంతే. చివరికి దుకాణం అమ్మాయి గోదాములోంచి ఒక బండిని తోసుకొచ్చింది.

"దీని క్లిప్పు పెద్దవాళ్ళకే ఓ పట్టాన ఊడదు. నిన్న మా మేనేజరు గారు తంటాలు పడి పడి, చివరికి నన్ను పిలిచారు."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. పిడుగు రెండు బొటనవేళ్ళతో నొక్కింది, గుంజింది, పళ్ళు కూడా పెట్టింది. ఊడలేదు. పిల్ల పెదవి వంకర తిరిగింది. నెల తర్వాత మొదటిసారి డ్రైవరమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"ఇదే. బిల్లు వెయ్యండి."

"దాని కాళ్ళు చూడు, నేలకి రాసుకుంటున్నాయి," అన్నాడు భర్త. "ఎన్నాళ్ళు కట్టేస్తావే?"

"దాని పెళ్ళయ్యేదాకా!"

ఆ మాటకు పిల్ల భోరుమంది. "నేను పరిగెత్తలేదమ్మా! బస్సు ఆపడానికెళ్ళాను."

"ఏ బస్సే?"

"నువ్వు మళ్ళీ బస్సెక్కాలని నాన్న చెప్పాడుగా. అందుకే నీకోసం ఆపాను. చెయ్యెత్తితే ఆగింది కదా!"

డ్రైవరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. సెలవుకు ముందు, సాయంత్రం చివరి ట్రిప్పు ఇంటి మీదుగా వెళ్ళేది. అత్తగారు పిల్లను ఎత్తుకుని రోడ్డంచున నిలబడేది. పిల్ల చెయ్యెత్తేది. డ్రైవరమ్మ స్టాపు కాకపోయినా బస్సు ఆపి, పిల్లను ఎక్కించుకుని డిపోదాకా తిప్పేది. "బస్సులన్నీ నీ మాటే వింటాయే, తల్లీ!" అని మురిసిపోయేది. ప్రయాణికులు కూడా నవ్వేవాళ్ళు. ఆ మాట పిల్లకు నేర్పింది బయటివాళ్ళెవరో కాదు. బస్సు ముందుకొస్తే ఏమవుతుందో తెలిసిన తనే. తన మీద తనకే అసహ్యమేసింది.

"నేనే కదమ్మాయ్, దాని చెయ్యి నీకు బాగా కనపడాలని పైకెత్తి పట్టుకునేదాన్ని," అంది అత్తగారు చిన్న గొంతుతో.

బిల్లు మధ్యలోనే ఆగిపోయింది. డ్రైవరమ్మ పిల్ల బెల్టు విప్పించి, అక్కణ్ణుంచి అందర్నీ నేరుగా డిపోకి తీసుకెళ్ళింది. గ్యారేజీ మేస్త్రీని బతిమాలి, కదలకుండా నిలిపి ఉన్న ఒక బస్సెక్కి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. భర్త బస్సు ముందుకు వెళ్ళి, బంపరును ఆనుకుని, పిల్లంత ఎత్తయ్యేలా గొంతుక్కూర్చున్నాడు.

"నాన్న ఏడీ?" అనడిగింది డ్రైవరమ్మ.

"దాక్కున్నాడు."

"దాక్కోలేదు. అక్కడే ఉండి చెయ్యెత్తాడు. కనపడుతోందా?"

పిల్ల మెడ సాచింది. "లేదు. నీకు?"

"నాకూ కనపడట్లేదే."

"ఇప్పుడు బస్సు కదిలితే?"

డ్రైవరమ్మ స్టీరింగు మీదున్న ఆ బుల్లి చేతులు బిగుసుకోవడం చూసింది. పిల్ల ఒక్క ఉదుటున కిటికీలోంచి బయటికి వంగి అరిచింది. "నాన్నా, లే! లేచి ఇటొచ్చెయ్!"

ఆదివారం డ్రైవరమ్మ ఒక్కతే దుకాణానికెళ్ళి ఒంటి సీటు బండి కొంది. చంటివాడు ముందు కూర్చుంటాడు. వెనకాల చక్రాల మీద ఒక పలక ఉంటుంది. పెద్దపిల్ల దాని మీద నిలబడి, తల్లి రెండు చేతుల మధ్య నుంచి పిడి పట్టుకోవచ్చు.

"పలక దగ్గర బెల్టు ఉండదు మేడం, తర్వాత నన్ననకండి," అంది దుకాణం అమ్మాయి.

"తెలుసమ్మా," అంది కానీ, ఇంటిదాకా ఖాళీ బండిని తోస్తూ, తప్పు చేశానా అని దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

సోమవారం కూడలిలో ఒక బస్సు ఆగింది. లోపలున్నది తోటి డ్రైవరే, వెళ్ళమని నవ్వుతూ సైగ చేశాడు. బస్సు కనపడితే కేకలు పెట్టే పిడుగు ఈసారి పిడిని పట్టుకుని తల్లి పొట్టలోకి ఒదిగిపోయింది.

"ఆయనకి మనం కనపడుతున్నామా అమ్మా?"

"ఆఁ. మనల్ని చూసే నవ్వాడు."

"నిజంగా?"

"నిజంగానే తల్లీ."

"అయితే తొందరగా పోదాం."

నెలరోజులుగా డ్రైవరమ్మ కోరుకున్నది సరిగ్గా ఇదే. పిల్లకు బస్సంటే భయం ఉండాలి. అది పిల్ల మొహంలోకి వచ్చి కూర్చున్నాక మాత్రం తట్టుకోలేకపోయింది. రోడ్డు దాటేసరికి కళ్ళు మసకలు కమ్మాయి.

క్రెష్ గుమ్మంలో పిల్ల ఆమె చీర కొంగు వదల్లేదు. "నువ్వు తోలేటప్పుడు ముందు ఎవరైనా ఉన్నారేమో చూస్తావా?"

"చూస్తాను."

"దిగి చూస్తావా?"

"దిగే చూస్తాను."

డిపోలో బస్సెక్కే ముందు డ్రైవరమ్మ ముందుకు వెళ్ళి, వంగి, బంపరు కిందికి చూసింది. ఎవరూ లేరు.

"ఏమ్మా, ఏమైనా పడిపోయిందా?" అన్నాడు గ్యారేజీ మేస్త్రీ.

"ఏం లేదన్నా."

ఎక్కి సీట్లో కూర్చుంది. అద్దాలు సరిచేసుకుంది. తాళం తిప్పబోయి ఆగింది. ఇంతలో ఎవరైనా వచ్చి ఉంటే? తలుపు తీసుకుని మళ్ళీ కిందికి దిగింది.