కబురు ఆలస్యంగా అందే గుండె

లిఫ్టులు బాగుచేసేవాడి బతుకులోని విషాదం ఏమిటంటే, అతను ఎక్కడికి వెళ్ళినా మెట్లెక్కే వెళ్ళాలి. లిఫ్టు సవ్యంగా నడిచేచోటికి అతన్ని ఎవరూ పిలవరు. మన మెకానిక్ ఆ విధంగా ఊళ్ళోని సగం భవనాలను కాలినడకన జయించాడు. మోటారు గదులు మేడల మీదే ఉంటాయి కనుక, తోటివాళ్ళు అతనికి ‘పైఅంతస్తు’ అని బిరుదిచ్చారు.

తర్వాత గుండె మొరాయించింది. పెద్ద ఆపరేషను చేసి, ఎవరో పుణ్యాత్ముడు వదిలివెళ్ళిన గుండెను అమర్చారు. కొత్త గుండె దివ్యంగా ఉంది. మనిషీ కోలుకున్నాడు. మోటారు గదుల తాళంచెవి మాత్రం సూపర్‌వైజరు జేబులోకి చేరింది.

“ఆగకుండా పైదాకా ఎక్కి చూపించు, తాళంచెవి నీది. లేదంటే స్టోరు గదిలో బోల్టులు ఏరుకుంటూ హాయిగా ఉండు” అన్నాడాయన.

హాయి అనే మాటకు అంత భయంకరమైన అర్థం ఉందని పైఅంతస్తుకు అప్పుడే తెలిసింది.

పరీక్షకు లిఫ్టు ఆగిపోయిన తొమ్మిదంతస్తుల ఆఫీసు ఒకటి దొరికింది. ఆ ఉదయం ఇంట్లోవాళ్ళు అతన్ని గాజుబొమ్మలా చూసుకున్నారు. భార్య మంచం దిగనివ్వలేదు. బావమరిది భవనం కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

“బలమంతా దాచుకో బావా. చెప్పులు కూడా నేనే తొడుగుతాలే.”

అలా దాచుకున్న బలంతో లేచినవాడు మూడో అంతస్తుకల్లా కాళ్ళు తేలిపోయి మెట్టు మీద చతికిలబడ్డాడు. విచిత్రమేమిటంటే, కూర్చున్నాక గుండె జోరందుకుంది, సభ ముగిశాక వేంచేసిన ముఖ్య అతిథిలా.

“ముందు విశ్రాంతి తీసుకోమని ఎవరు చెప్పారు?” అని అడిగింది ఆస్పత్రిలో డాక్టరు.

“అందరూ చెప్పారు డాక్టరమ్మా.”

“అందుకే పడ్డారు.”

ఆమె వివరించింది. మామూలు మనిషి కాలు ఎత్తీ ఎత్తకముందే, మెదడు నరాల మీదుగా గుండెకు కబురు పంపుతుంది. బ్రేకు వదులుతుంది, వేగం పెంచుతుంది. పనిచేసే కండరాలు మాకింకా కావాలంటూ పైకి ఫిర్యాదులు పెడతాయి. పొట్టకు వెళ్ళే రక్తంలో కోత పెట్టి కాళ్ళకు మళ్ళించే ఏర్పాటు కూడా నరాలే చూస్తాయి. పైఅంతస్తు ఒంట్లో ఈ సర్కారంతా భేషుగ్గానే ఉంది. గుండె ఆఫీసుకు వెళ్ళే తీగలు మాత్రం ఆపరేషనులో తెగాయి. ఇక కబురంతా అడ్రినలిన్ రూపంలో రక్తంలో కలిసి, తీరిగ్గా ప్రయాణం చేసి చేరాలి.

“అంటే నేను పైన బటన్ నొక్కితే, లిఫ్టు అడుగు నుంచి బయల్దేరినట్టన్నమాట.”

“అదే. కాబట్టి ముందే నొక్కి ఉంచండి. కాసేపు నడిచి, గుండె అందుకున్నాక ఎక్కండి. పైకెళ్ళాక దబ్బున కూర్చోకండి. నెమ్మదించడానికీ దానికి టైము కావాలి.”

సూపర్‌వైజరు బతిమాలించుకుని ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఈసారి పైఅంతస్తు కుర్చీ వంక చూడకుండా భవనం చుట్టూ నడవడం మొదలుపెట్టాడు.

“ఏమండీ, ఉన్న ఓపిక కాస్తా ఇక్కడే ఒలకబోస్తున్నారు” అంది భార్య.

“కబురు పెడుతున్నానే.”

“బావా, వెళ్ళాల్సింది పైకి. గుండ్రంగా కాదు” అని గుర్తుచేశాడు బావమరిది.

సూపర్‌వైజరు ఆ కుర్చీలో తానే కూర్చుని, జాలిగా చూశాడు.

నుదుట చెమట పట్టాక పైఅంతస్తు మెట్లందుకున్నాడు. ఎక్కడైనా ఆగుతాడో లేదో చూడాలని సూపర్‌వైజరు వెంట నడిచాడు. మూడో అంతస్తు వచ్చింది, పోయింది. అయిదో అంతస్తులో నరాలన్నీ సక్రమంగా ఉన్న గుండె గల సూపర్‌వైజరు మెట్టు మీద కూలబడి, “నువ్వు కానీవయ్యా, నేను ఇక్కణ్ణుంచే గమనిస్తా” అన్నాడు.

కాసేపటికి పైనుంచి గొంతు వినిపించింది.

“సార్, వచ్చేశా. తలుపుకి తాళం ఉంది.”

తాళంచెవి సూపర్‌వైజరు జేబులోనే ఉంది. లేచి ఇద్దామంటే ఆయన కాళ్ళు ఒప్పుకోలేదు. పైఅంతస్తు దిగివచ్చి, తాళంచెవి పుచ్చుకుని, వేడి మీదున్న గుండెతో మళ్ళీ ఎక్కాడు. మోటారు గదిలో కాసేపు అటూ ఇటూ పచార్లు చేసి, గుండెకు పని ముగిసిందన్న కబురు చేరాక, నింపాదిగా లిఫ్టు పని పట్టాడు.

ఎట్టకేలకు అయిదో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల పైఅంతస్తు నిలబడి ఉన్నాడు.

“రండి సార్. మీరు మెట్లు దిగకండి.”

సూపర్‌వైజరు చెయ్యి చాచాడు. తాళంచెవి కోసం కాదు, లేవడానికి.