అరాచకం బాబాయిగారు

ఇవాళ పొద్దున్న జెర్సీ సిటీ నుంచి మాన్‌హట్టన్ వెళ్ళే రైల్లో నా వెనక నిలబడ్డ కుర్రాళ్ళిద్దరు ఏదో పాట గురించి మాట్లాడుకుంటున్నారు. "అరాచకం మామా, అరాచకం అంతే," అన్నాడొకడు. నేను పైకే నవ్వేశాను. పక్కనున్న కోటు వేసుకున్నాయన ఫోన్లోంచి తలెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. ఆ మాట నాతో ఆడిన ఆట ఆయనకేం తెలుసు? మా నాన్న తరానికి అరాచకమంటే దౌర్జన్యం, అన్యాయం. ఈ పిల్లలకి అదిరిపోయిందని అర్థం. మూడో అర్థం ఒకటుంది. అది నాకు మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, బట్టలుతికే మెషిన్ల మధ్య, ఎనభై మూడేళ్ళ స్పెయిన్ పెద్దమనిషి నేర్పారు.

ఆయన మా అంతస్తులోనే లిఫ్టుకి అవతలి వైపు ఒంటరిగా ఉండేవారు. ఆదివారాలు డ్రయ్యర్ తిరిగినంతసేపూ నాకు స్పానిష్ చెప్పేవారు. చదువు చెప్పేవాళ్ళని పేరు పెట్టి పిలవలేక 'మాస్టారూ' అన్నాను. ఆ మాట ఎక్కడ పుట్టిందో కనిపెట్టి ఆయన ముఖం ముడుచుకున్నారు. "మాస్టర్ వద్దు. మా ఇంట్లో దేవుడూ లేడు, మాస్టరూ లేడు," అన్నారు. సరేనని 'బాబాయిగారూ' అన్నాను. అంటే నాన్న తమ్ముడని చెబితే ఆ వారమంతా లిఫ్టులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఆయన నాన్న బార్సిలోనాలో రొట్టెల బట్టీలో పనివాడు, అనార్కిస్టు. అనార్కిస్టంటే బాంబులేసేవాళ్ళని కదా నేను సినిమాల్లో నేర్చుకున్నది! ఈయన చెబుతుంటే వేరే లోకం. మనుషుల మీద మనుషుల పెత్తనం అక్కర్లేదని నమ్మినవాళ్ళు, తెలుగులో అరాచకవాదులు. జంతువులు కొట్టుకోవడం కంటే కలిసి బతకడమే ఎక్కువని ఏళ్ళ తరబడి గమనించి పుస్తకం రాసినాయన. ప్రభుత్వమే వద్దని ఊరూరా ఉపన్యాసాలిచ్చి, తీరా స్పెయిన్‌లో అంతర్యుద్ధం ముంచుకొచ్చాక మంత్రులైనవాళ్ళు. "మా నాన్న ఆ మంత్రులతో చచ్చేదాకా పోట్లాడాడు, వంటింట్లో కూర్చుని," అనేవారు బాబాయిగారు. నేను మడతపెట్టిన బట్టలు మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టేదాన్ని, లేచి వెళ్ళిపోవాల్సి వస్తుందని.

ఒకరోజు ఆయనే అన్నారు, ఈ సంగతులు ఒక్కసారి ఓ గది నిండా మనుషులకి చెప్పాలనుందని. పిల్లలు దూరాల్లో ఉన్నారు, వాళ్ళకి ఓపిక లేదు. నాకు కాలు నిలవలేదు. మా బిల్డింగ్‌లో తెలుగువాళ్ళం నెలకోసారి కమ్యూనిటీ రూమ్‌లో కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో చక్కటి తెలుగులో పెట్టాను: 'ఈ ఆదివారం, స్పెయిన్ అరాచకవాదుల జీవితాలు, భావాలు.' పొద్దుటికి మా గ్రూపులో పెద్దాయన ఫోన్.

"అమ్మా, ఇక్కడ సగం మందికి హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. అరాచకవాదులేంటమ్మా? ఎవడైనా స్క్రీన్‌షాట్ తీస్తే ఏంటి పరిస్థితి? డిలీట్ చేసేయ్."

ఆ తరవాత ఒకరికి బర్త్‌డే పార్టీ, ఒకరికి డెంటిస్టు. ఆదివారం డెంటిస్టెవరో నాకిప్పటికీ తెలీదు. మావారు కూడా, "మన గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా ఆగొచ్చు కదా," అన్నారు. సిగ్గుగా ఉన్నా చెబుతాను, డిలీట్ చేశాను.

సంగతి చెబుదామని వెళితే బాబాయిగారు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. అంతా విని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు. "ఆ భయం నాకు తెలుసు," అన్నారు. ఇరవై రెండేళ్ళప్పుడు ఈ దేశానికి వస్తూ నింపిన ఫారంలో 'నువ్వు అనార్కిస్టువా' అని ఒక ప్రశ్న ఉందట. ఈయన 'నో' అని రాశారు. అప్పటికి వాళ్ళ నాన్న ఇంకా బతికే ఉన్నాడు. ఏం రాశావని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. అప్పట్నుంచీ తను అనార్కిస్టునని ఎవరితోనూ పైకి అనలేదు. నాకు ఏడుపొచ్చింది, నా మీద కోపమూ వచ్చింది. ఎవరూ రాకపోయినా సరే, ఆదివారం గది తెరుస్తానన్నాను.

ఆదివారం మధ్యాహ్నం మూడు కుర్చీలు వేశాను. ఒకటి ఆయనకి, ఒకటి నాకు, ఒకటి పాపం మావారికి. ఇంతలో లిఫ్టు తెరుచుకుంది. మాస్టర్స్ చదువుతున్న మా ఆడపడుచు కూతురు, దాని వెనకాల పిల్లలు, పిల్లలు, పిల్లలు! నిలబడ్డానికి చోటు లేదు. వారాంతాలు మా ఇంట్లోనే ఉంటూ ఆ గ్రూపులో కూడా ఉన్న ఈ పిల్ల నా మెసేజ్‌ని డిలీట్ చేయకముందే చూసి, 'స్పెయిన్ తాత టాక్, అరాచకం అంట, రండి' అని యూనివర్సిటీ తెలుగు పిల్లలందరికీ పెట్టేసింది.

"అరాచకమంటే సూపర్ అని కాదా అత్తా?" అంది నా చెవిలో, కంగారుగా.

వాళ్ళవీ వీసాలే. అందుకని ముందే అసలర్థం చెప్పి, వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్ళచ్చన్నాను. ఒకబ్బాయి, "ఫ్రీ కంట్రీ కదా ఆంటీ, వినడానికేముంది," అని నేలమీద చతికిలబడ్డాడు. ఒక్కరు కదల్లేదు. పిల్లలు పొరబడి వచ్చిన సంగతి తెలిసి బాబాయిగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. తరవాత గంటన్నర ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే, మధ్యమధ్య స్పానిష్‌లోకి జారినప్పుడల్లా నేను తెలుగులో అందుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. యజమాని పారిపోతే పనివాళ్ళే బట్టీ నడుపుకోవడం, ఎవరు పెద్ద అనే వాదనలో పడి మొదటి రోజు రొట్టెలన్నీ మాడ్చేయడం, ఆ మాడు రొట్టెలే అందరూ పంచుకు తినడం! పిల్లలు పడీ పడీ నవ్వారు. వాళ్ళ నాన్న జైలుకెళ్ళిన సంగతి దగ్గర మాత్రం ఎవరి ఫోనూ మోగలేదు.

చివర్లో నేలమీద కూర్చున్న అబ్బాయి చెయ్యెత్తాడు. "సర్, మీ ఫాదర్ సరే. మరి మీరు? ఆర్ యూ యాన్ అనార్కిస్ట్?"

ఏదో తెలుసుకోవాలన్న ఉత్సాహం తప్ప ఆ ప్రశ్నలో ఇంకేమీ లేదు. బాబాయిగారు చొక్కా బొత్తాం సరిచేసుకున్నారు. లేచి నిలబడ్డారు.

"యస్," అన్నారు.

ఆ ఒక్క మాట నోటికి రావడానికి ఆయనకి అరవై ఒక్క ఏళ్ళు పట్టింది. నాకిప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. నేనూ భయపడి 'నో' అని రాసినవి కొన్ని ఉన్నాయి, ఇంకా చాలా టైముందిలే అనుకుంటూ వచ్చాను.